మామగారి బాకీ: జెఫర్సన్ ఉత్తరాలు, పద్దులు, బాండ్లు

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని ఎత్తి రాసిన పాఠం)

సభకు నమస్కారం. నేను చరిత్ర బోధించినవాణ్ణి కాను. ముప్పై ఏళ్ళకు పైగా సివిలు కోర్టులలో ప్రామిసరీ నోట్ల దావాలు, తనఖా దావాలు, భాగపంపకాల దావాలు నడిపిన ప్లీడరును. అందుచేత అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ అనగానే మీకు ఆయన రాసిన 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన స్ఫురిస్తే, నాకు ఆయన బాకీ కాగితాలు స్ఫురిస్తాయి. ఆయనను కించపరచే ఉద్దేశం నాకు లేదు. కక్షిదారు ఎంత గొప్పవాడైనా మేము ముందు అడిగేది నోటు ఏ తేదీది, సంతకం ఎవరిది, చెల్లు ఎక్కడ వేశారు అనే కదా. ఆ అలవాటు కొద్దీ ఈ ఉత్తరాలను చదివాను.

చదవడానికి కావలసినంత ఉంది. జెఫర్సన్ తన జీవితంలో దాదాపు 19,000 ఉత్తరాలు రాశాడు. 1783 నుంచి, వచ్చిన ఉత్తరానికీ పంపిన ఉత్తరానికీ మన ఆఫీసుల్లో ఆవక జావక రిజిస్టరు రాసినట్టు ఒక పుస్తకం రాస్తూ వచ్చాడు. సిరా ఆరకముందే పల్చటి కాగితం అదిమి నకలు తీసే యంత్రం తెప్పించుకున్నాడు. 1804 నుంచి, ఒక కలంతో రాస్తుంటే పక్కనే రెండో కలం అదే రాత రాసే పరికరం వాడాడు. గుర్రానికి గడ్డి కొన్నా, క్షౌరానికి ఇచ్చినా ఆ రోజే రాసుకున్నాడు. ఇంత శ్రద్ధగా పద్దు రాసిన మనిషి 1826లో చనిపోయే నాటికి 1,07,000 డాలర్ల బాకీ ఎలా పడ్డాడు? మన పాత షావుకార్ల భాషలో చెప్పాలంటే, ఆయన దగ్గర చిట్టా ఉంది గాని ఆవర్జా లేదు. ఏ రోజు ఏది ఖర్చయిందో రాశాడు గాని, మొత్తం మీద తాను ఎక్కడ నిలబడ్డాడో నిలువ తేల్చి చూసుకున్న సందర్భాలు చాలా తక్కువ. ఇది ఒక కారణం. అయితే అసలు కారణం ఇది కాదని నా అభిప్రాయం. అసలు కారణం 1774 జనవరిలో జరిగిన ఒక పంపకం. ఈ రోజు నేను ఎక్కువసేపు ఆ పంపకం దగ్గరే నిలబడతాను.

ముందు ఆనాటి వ్యాపారం సంగతి. జెఫర్సన్ స్వస్థలం వర్జీనియా, అప్పటికి అమెరికాలో బ్రిటిష్ వలస. వర్జీనియా రైతు, రైతు అంటే వేల ఎకరాలు, వంద మంది బానిసలు ఉన్న భూస్వామి అని అర్థం చేసుకోండి, పొగాకును దాదాపు అర టన్ను పట్టే పీపాలలో కూరి లండనుకో, బ్రిస్టలుకో, గ్లాస్గోకో ఓడ మీద పంపేవాడు. అక్కడి కంపెనీ దాన్ని అమ్మి, ఓడ కిరాయి, సుంకం, గిడ్డంగి అద్దె, తన కమీషను మినహాయించుకుని, మిగిలింది ఇతని ఖాతాకు జమ వేసేది. ఇతడు మళ్ళీ అదే కంపెనీకి జాబితా పంపేవాడు: బట్టలు, కుర్చీలు, సారాయి, పుస్తకాలు, నాగళ్ళు. జమ కంటే ఖర్చు ఎక్కువైతే అది బాకీ, బాకీకి వడ్డీ. గుంటూరు, ప్రకాశం జిల్లాలవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. పెట్టుబడి ఇచ్చిన కొట్టుకే సరుకు వేయాలి, వేసిన సరుకుకు ఆ కొట్టువాడు చెప్పిందే ధర అనే పద్ధతిని మీకు నేను వివరించనక్కరలేదు. ఆ జిల్లాలలో పండేదాన్ని మనం వర్జీనియా పొగాకు అనే పిలుస్తున్నాం. ఆ పేరు జెఫర్సన్ పుట్టిన ఆ నేలదే.

జెఫర్సన్ 1786లో ఫ్రాన్సులో రాయబారిగా ఉండగా ఒక ఫ్రెంచి రచయిత అడిగిన ప్రశ్నలకు జవాబులు రాస్తూ ఈ వ్యవహారాన్ని ఉన్నదున్నట్టు చెప్పాడు. కంపెనీలు మొదట మంచి ధర ఇచ్చి, ధారాళంగా అప్పు పెట్టి, భూమో బానిసలో అమ్మితే తప్ప తీర్చలేనంత లోతుకు దిగాక పొగాకు ధర తగ్గించేవట. ఈ బాకీలు తండ్రి నుంచి కొడుకుకు తరతరాలుగా సంక్రమించాయని, చివరికి వర్జీనియా భూస్వాములంటే లండనులోని కొన్ని వర్తక సంస్థలకు అనుబంధంగా ఉన్న ఒక రకం ఆస్తిగా మారిపోయారని రాశాడు. ‘ఒక రకం ఆస్తి’ అన్నాడు, గమనించండి. మనుషులను ఆస్తిగా పెట్టుకున్న మనిషి, తాను ఆస్తినైపోయానని వాపోతున్నాడు. ఆ వాక్యం రాసేటప్పుడు ఆయన కలం ఒక్క క్షణమైనా ఆగిందా? ఆగినట్టు కాగితం మీద గుర్తు లేదు.

ఇక మామగారి దగ్గరకు వద్దాం. జాన్ వేల్స్. వృత్తికి న్యాయవాది. ఫారెల్ అండ్ జోన్స్ అనే బ్రిస్టల్ కంపెనీకి వర్జీనియాలో బాకీల వసూలు ఏజెంటు. బానిసల అమ్మకంలో కూడా చేయి పెట్టినవాడు. ఈయన 1766లో కంపెనీకి రాసిన ఒక ఉత్తరం నాకు చాలా ఇష్టం. పాతికేళ్ళ కిందట ఒక వర్తకుడికి వెయ్యి పౌండ్లు బాకీ పడితే అది ఇక తీరని కొండ అనుకునేవారు, ఇప్పుడు దానికి పది రెట్ల గురించి కూడా తేలికగా మాట్లాడుతున్నారు అంటాడు. ఆ రోజులలో ఈ దేశంలో టర్కీ తివాచీ అన్నది చూసిన గుర్తే లేదు, ఏ పడకగదిలోనో ఒక చిన్న ముక్క తప్ప, ఇప్పుడు ఎక్కడ చూసినా తివాచీలే అంటాడు. అప్పు చేసి పప్పు కూడు అని మనవాళ్ళు ఒక్క ముక్కలో తేల్చిన విషయాన్ని, వసూలుకు తిరిగి కాళ్ళరిగిన మనిషి తివాచీలు లెక్కపెట్టి చెప్పాడు. చిత్రమేమిటంటే, 1773 మే నెలలో ఈ వసూలు ఏజెంటు కన్నుమూసేనాటికి, తాను ఎవరి తరఫున వసూలు చేశాడో ఆ కంపెనీకే పెద్ద మొత్తం బాకీ పడి ఉన్నాడు.

వారసులు కూతుళ్ళు. అంటే ఆనాటి చట్టం ప్రకారం ఆచరణలో అల్లుళ్ళు. ముగ్గురు: జెఫర్సన్, ఫ్రాన్సిస్ ఎప్స్, హెన్రీ స్కిప్‌విత్. 1774 జనవరిలో వీరు ఆస్తి పంచుకున్నారు. జెఫర్సన్ వాటాకు దాదాపు 11,000 ఎకరాలు, 135 మంది బానిసలు వచ్చారు. వాటితో పాటు బ్రిస్టల్ బాకీలో తన వంతుగా నాలుగు వేల పౌండ్ల పైచిలుకు వచ్చింది.

ఇక్కడ నా వృత్తి నన్ను ఆపుతుంది, కాసేపు ఓపిక పట్టండి. చనిపోయినవాడి ఆస్తిని ఉమ్మడిగానే ఉంచి, కార్యనిర్వాహకుల హోదాలో వీరు దానిలో నుంచే బాకీ తీర్చి ఉంటే, బాధ్యత ఆ ఆస్తి మేరకే ఉండేది. ఆస్తి చాలకపోతే నష్టం కంపెనీది. ఎప్పుడైతే పంచుకుని ఎవరి వాటా వారు స్వాధీనం చేసుకున్నారో, అప్పుడు బాకీ కూడా ఎవరి మెడకు వారికి చుట్టుకుంది. జెఫర్సన్ స్వయంగా న్యాయవాది, ఈ తేడా తెలియనివాడు కాడు. మరి ఎందుకు చేశాడు? ఆనాటికి భూమి ధర బాగుంది, నాలుగు తోటలు అమ్మితే తీరిపోతుందని అనుకుని ఉంటాడని నా ఊహ. భూమి జోలికి ఋణదాత రాలేడనే ధీమా కూడా ఉండే అవకాశం లేదు, ఎందుకంటే 1732లోనే బ్రిటిష్ పార్లమెంటు వలసలలోని భూములను, ఇళ్ళను, బానిసలను అప్పు కింద జప్తు చేయవచ్చునని చట్టం చేసి పెట్టింది. అర్ధ శతాబ్దం తర్వాత, 1821లో స్వీయచరిత్ర రాసుకుంటూ ఆయన ఈ పంపకం గురించి ఏమన్నాడో తెలుసా? బాకీలు చాలా ఎక్కువే గాని, అవి పోగా భార్య తరఫున వచ్చింది తన పిత్రార్జితంతో దాదాపు సమానమని, తమ పరిస్థితి రెండింతలు సుఖంగా మారిందని రాశాడు. రెండింతలు సుఖం! ఆ బాకీ ఆయనను ఎంత కాల్చిందో ఆయన ఉత్తరాలే చెబుతుంటే, ఆయన స్వీయచరిత్ర ఇలా చెబుతుంది. కోర్టులో అయితే సాక్షిని పాత ఉత్తరం చూపించి మళ్ళీ అడిగేవాణ్ణి.

తర్వాత ఏం జరిగింది? మాట మీద నిలబడి భూములు అమ్మాడు. కొన్నవారు రొక్కం ఇవ్వలేదు, బాండ్లు రాసి ఇచ్చారు. ఆ బాండ్లను కంపెనీ ఏజెంటుకు చూపించి, ఇవి తీసుకుని నా బదులు వీరిని బాకీదార్లుగా ఒప్పుకోండి, నన్ను విడిచిపెట్టండి అన్నాడు. ఏజెంటు ఒప్పుకోలేదు. ఏ వకీలు సలహా ఇచ్చినా ఒప్పుకోవద్దనే ఇస్తాడు, తెలిసిన ఆసామిని వదిలి తెలియని నలుగురిని ఎందుకు పట్టుకోవాలి? ఈలోగా బ్రిటనుతో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది. వర్జీనియా ప్రభుత్వం కాగితపు డబ్బు అచ్చు వేసింది, దాని విలువ నెలనెలా పడిపోయింది, భూములు కొన్నవారు సరిగ్గా ఆ డబ్బే తెచ్చి బాండ్లు విడిపించుకున్నారు. ఓక్ చెట్టు ఆకుల పాటి కూడా చేయని డబ్బు అని జెఫర్సన్ రాసుకున్నాడు. భూమి పోయింది, బాకీ పౌండ్లలో అలాగే ఉంది.

ఇప్పుడొక మెలిక. 1778 మొదట్లో వర్జీనియా శాసనసభ ఒక చట్టం చేసింది. బ్రిటిష్ కంపెనీలకు బాకీ ఉన్నవారు ఆ మొత్తాన్ని రాష్ట్ర రుణ కార్యాలయంలో కాగితపు డబ్బుతో కట్టి రసీదు తీసుకుంటే, అంతవరకు బాకీ చెల్లినట్టే. ఆ బిల్లు ముసాయిదా రాసింది ఎవరు? జెఫర్సనే. తాను కూడా కట్టాడు. అయితే ఆయన పక్షాన ఒక మాట చెప్పాలి, ఆ రసీదు చూపించి తప్పుకోవడానికి ఆయన తర్వాత ప్రయత్నించలేదు. యుద్ధం ముగిసి, 1783 పారిస్ ఒడంబడిక నాలుగో అధికరణంలో ఇరువైపుల ఋణదాతలు తమ బాకీలను పూర్తి స్టెర్లింగు విలువకు వసూలు చేసుకోవడానికి చట్టపరమైన ఆటంకాలేవీ ఉండరాదని రాసుకున్న తర్వాత, మళ్ళీ ఉత్తరాలు మొదలయ్యాయి.

1787 జనవరి 5న పారిసు నుంచి ఆయన విలియం జోన్సుకు రాసిన ఉత్తరం చూడండి. ఫారెల్ అండ్ జోన్సులో అప్పటికి మిగిలిన భాగస్వామి ఈ జోన్స్. నేను చూసినంతలో బాకీదారు రాసిన ఉత్తరాలలో ఇంత చక్కటి ఉత్తరం మరొకటి లేదు. అసలు ఒప్పుకుంటాడు. యుద్ధానికి ముందటి వడ్డీ ఒప్పుకుంటాడు, తర్వాతి వడ్డీ ఒప్పుకుంటాడు. యుద్ధం జరిగిన ఎనిమిదేళ్ళ వడ్డీ మాత్రం ఒప్పుకోడు. మీ దేశమే మా ఓడలను ఆపి, మా పొగాకును అడ్డుకుని, మేము చెల్లించలేని స్థితి తెచ్చింది, ఆ కాలానికి వడ్డీ ఎలా అడుగుతారు అన్నది వాదం. దానికి ఒక ఉదాహరణ జోడిస్తాడు. 1781లో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ సేన జేమ్స్ నది ఒడ్డున తన ఎల్క్ హిల్ తోటలో దిగి, కొట్లు తగలబెట్టి, పంటలు పాడుచేసి, పశువులను, బానిసలను తీసుకుపోయిందని, కార్న్‌వాలిస్ ఒక్కడే చేసిన ఆ నష్టం మీకు ఇవ్వవలసిన అసలు, వడ్డీ కలిపిన దానికంటే ఎక్కువని లెక్క చూపుతాడు. కార్న్‌వాలిస్ పేరు మనకు కొత్త కాదు. అక్కడ ఓడిపోయిన ఆయనే 1786లో గవర్నర్ జనరలుగా కలకత్తాలో దిగి, 1793లో బెంగాలులో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. 1802 నుంచి ఆ పద్ధతి మన ఉత్తర సర్కారులకూ వచ్చింది, పేష్కషు, అంటే జమీందారు సర్కారుకు కట్టే శిస్తు, బకాయి పడితే జమీ వేలం అన్న నిబంధనతో సహా. సరే, ఇది పక్కదారి, వెనక్కు వద్దాం.

జోన్సుకు రాసిన ఉత్తరం వకీలు రాసింది. అదే ఏడాది జులైలో తన వ్యవహారాలు చూస్తున్న నికొలస్ లూయిసుకు రాసిన ఉత్తరం మనిషి రాసింది. భూమి మీద ఎవరికీ ఒక్క షిల్లింగు బాకీ లేని క్షణం వచ్చేదాకా నేను పడే మనోవేదన బ్రతుకే విలువ లేనిదిగా చేస్తోంది అంటాడు. భూములు అమ్మడానికి మనసు ఒప్పడం లేదు, ఇప్పటికే చాలా అమ్మాను, పిల్లలకు మిగిలే ఆధారం అదొక్కటే అంటాడు. బానిసల శ్రమతో బాకీ తీరే ఆశ ఉన్నంతవరకు వారినీ అమ్మను అంటాడు. ఈ మూడు వాక్యాలను వరసగా పెట్టి చదవండి. వేదన తనది, ఆధారం పిల్లలది, మరి తీర్చవలసిన పని ఎవరిది?

రెండేళ్ళు గడిచాయి. 1789 సెప్టెంబరు 6న, పారిసు విడిచి వచ్చే ముందు, తన మిత్రుడు, రాజకీయ సహచరుడు జేమ్స్ మాడిసనుకు సుప్రసిద్ధమైన ఉత్తరం రాశాడు. భూమి బ్రతికి ఉన్నవారిది, అనుభవ హక్కు మాత్రమే వారికి ఉంటుంది, ఒక తరం చేసిన బాకీని మరో తరం మీద మోపే అధికారం ఎవరికీ లేదు. మరణాల పట్టికలు చూసి లెక్క కట్టి ఒక తరం అంటే 19 ఏళ్ళు అని కూడా తేల్చాడు. రాజనీతి శాస్త్రం వారు దీన్ని రాజ్యాంగాల గురించి, ప్రభుత్వ రుణాల గురించి రాసినదిగా చదువుతారు, అది సరైనదే. నేను మాత్రం తేదీ చూస్తాను. సరిగ్గా అయిదు నెలల తర్వాత, 1790 ఫిబ్రవరిలో, వర్జీనియాలో కంపెనీ ఏజెంటు రిచర్డ్ హాన్సన్ ముందు కూర్చుని, చనిపోయి పదిహేడేళ్ళు కావస్తున్న మామగారి బాకీకి ఏడు వార్షిక వాయిదాలకు ఏడు బాండ్లు రాసి సంతకం చేశాడు. యుద్ధకాలపు వడ్డీ మినహాయింపు సాధించాడు, అది ఆయన గెలుపే. మిగతాదంతా ఒప్పుకున్నాడు. మన హిందూ ధర్మశాస్త్రంలో తండ్రి అప్పు తీర్చడం కొడుక్కు పుణ్యబాధ్యత అన్నారు, ఆ ఒక్క కారణం మీద కొడుకు మీద దావా నడవదని మన పార్లమెంటు 2005 సవరణలో తేల్చింది. జెఫర్సన్ సిద్ధాంతంలో 1789లోనే తేల్చాడు గాని, సంతకం దగ్గర అది అక్కరకు రాలేదు.

వాయిదాలు కట్టడానికి మళ్ళీ భూములు, ఈసారి మనుషులు కూడా. 1784 నుంచి 1794 వరకు పదేళ్ళలో 161 మంది ఆయన చేతి నుంచి అమ్మకం ద్వారానో, కుటుంబంలో కానుకల ద్వారానో వెళ్ళిపోయారు. 1792 సెప్టెంబరులో, అంటే దేశానికి విదేశాంగ మంత్రిగా ఉండగా, బౌలింగ్ క్లార్క్ అనే తన తోట పర్యవేక్షకుడికి రాసిన ఉత్తరంలో ఒక జాగ్రత్త చెప్పాడు: ప్రజాజీవితంలో ఉన్నంతకాలం ఆస్తి అమ్మకాల ప్రకటనలలో నా పేరు పత్రికలకు ఎక్కడం నాకు ఇష్టం లేదు. ఆ ‘ఆస్తి’ ఎవరో మీకు తెలుసు. కంపెనీకి రాసిన ఉత్తరాలలో పేజీలకు పేజీలు న్యాయాన్యాయాల చర్చ నడిచింది. కాగితపు డబ్బు పడిపోయిన నష్టం నాదా నీదా, యుద్ధం వడ్డీ నాదా నీదా అని. కలం పట్టిన ఇద్దరి మధ్య జరిగిన ఆ చర్చలో, నష్టం చివరికి కలం పట్టని మూడోవాడి మీద పడింది. ఆ మూడోవాడి ఉత్తరం ఈ కట్టలలో లేదు.

కోర్టుల సంగతి త్వరగా చెబుతాను. ఇదే కంపెనీ ఇతరుల మీద వేసిన దావాలలో 1791లో వర్జీనియా రాజధాని రిచ్‌మండులో ప్రసిద్ధ వక్త ప్యాట్రిక్ హెన్రీ బాకీదార్ల తరఫున వాదించాడు. మరొకటి సుప్రీం కోర్టుకు వెళ్ళింది, వేర్ వర్సెస్ హిల్టన్, 1796. 1774 జులై 7 నాటి బాండు, 2,976 పౌండ్ల 11 షిల్లింగుల 6 పెన్నీలు, బాకీదార్లలో ఒక పేరు ఫ్రాన్సిస్ ఎప్స్. 1780లో రుణ కార్యాలయంలో 3,111 డాలర్ల చిల్లర కట్టి, అంతమేర చెల్లు అన్నారు. వారి తరఫున వాదించింది జాన్ మార్షల్, తర్వాతి కాలపు ప్రధాన న్యాయమూర్తి, సుప్రీం కోర్టులో ఆయన వాదించిన కేసు ఇదొక్కటే, అదీ ఓడిపోయాడు. ఒడంబడిక ముందు రాష్ట్ర చట్టం నిలవదని తీర్పు. ఆ తర్వాత కూడా వసూలు కాని పాత బాకీలకు బదులుగా 1802లో అమెరికా ప్రభుత్వం బ్రిటనుకు 6,00,000 పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అప్పుడు అధ్యక్షుడు జెఫర్సనే.

అధ్యక్ష పదవి తర్వాత బాకీలు వేరే రకం. 1815లో తన 6,487 పుస్తకాలను కాంగ్రెసుకు 23,950 డాలర్లకు అమ్మితే, అందులో చాలా భాగం వెంటనే ఋణదాతలకు పోయింది. 1818లో మనుమడి మామగారైన విల్సన్ కేరీ నికొలస్ కోసం పదేసి వేల డాలర్ల నోట్లు రెండింటి మీద హామీ సంతకం పెట్టాడు. మరుసటి ఏడాది ఆర్థిక సంక్షోభం, నికొలస్ దివాలా, 20,000 డాలర్లు ఈయన నెత్తిన, ఏడాదికి 1,200 డాలర్లు వడ్డీయే. మామగారి బాకీతో మొదలై వియ్యంకుడి బాకీతో మునిగాడు. హామీ సంతకం గురించి మా బార్ లైబ్రరీలో కూర్చుంటే రోజంతా చెప్పగలను, ఇక్కడ వద్దు.

1774 పంపకంలో 135 మంది వచ్చారన్నాను కదా, వారిలో ఎలిజబెత్ హెమింగ్స్ అనే స్త్రీ, ఆమె పిల్లలు ఉన్నారు. ఆమె కూతురు మేరీ. మేరీ కొడుకు జోసెఫ్ ఫాసెట్ 1780లో పుట్టాడు, జెఫర్సన్ నివాసమైన మాంటిసెల్లో ఎస్టేటులో కమ్మరి. అతని భార్య ఈడిత్ అధ్యక్ష భవనంలో వంట నేర్చిన మనిషి. జెఫర్సన్ 1826 జులై 4న చనిపోతూ వీలునామాలో జోసెఫుకు స్వేచ్ఛ ఇచ్చాడు, సరిగ్గా ఏడాది తర్వాత అమలయ్యేలా. ఆ ఏడాది పూర్తి కాకముందే, 1827 జనవరిలో, బాకీల కోసం మాంటిసెల్లోలో 130 మందిని వేలం వేశారు. జోసెఫ్ భార్య, పిల్లలు వేలంలో తలొక చోటుకూ పోయారు. 1837లో జోసెఫ్ ఒక దస్తావేజు రాయించాడు. ఈడిత్‌ను, కొందరు పిల్లలను, మనుమలను విడుదల చేస్తున్నట్టు అందులో ఉంది. విడుదల చేయాలంటే ముందు వారు అతని సొత్తు కావాలి, అంటే చట్టం దృష్టిలో ఆ కాగితం మీద సంతకం చేసే క్షణం వరకు అతడు భార్యకు యజమాని. ఆ జాబితాలో పీటర్ అనే కొడుకు పేరు లేదు. వేలం నాటికి పీటరుకు పదకొండేళ్ళు. కొన్నవాడు అతన్ని తిరిగి అమ్మడానికి ఒప్పుకోలేదు.